ఒకే జాబుకు అయిదు నకళ్లు

ఈమెయిలు రాసేటప్పుడు చిరునామా గడికి దిగువన ‘సీసీ’ అని రెండక్షరాలు కనిపిస్తాయి. వాటికి అర్థమేమని అడిగితే నేటి కళాశాల విద్యార్థులలో అనేకులు తడుముకుంటారు. అవి కార్బన్ కాపీ అనే మాటకు పొడి అక్షరాలు. టైపు మిషన్లు రాజ్యమేలిన కాలంలో గుమాస్తా రెండు తెల్లకాగితాల నడుమ నల్లని కార్బన్ కాగితం పెట్టి, ఒక్కొక్కప్పుడు అటువంటి దొంతరలు మూడు నాలుగు పేర్చి, వేళ్లు నొప్పిపుట్టేటట్లు మీటలు కొట్టేవాడు. పై కాగితం అసలు. దాని కిందిది తొలి నకలు. అట్టడుగున ఉన్నది మసకబారి, అక్షరాల అంచులు అలుక్కుపోయి ఉండేది. కాగితం చేతిలోకి తీసుకోగానే అది ఎన్నవ ప్రతియో కన్ను చెప్పేది.

కంప్యూటరు ఆ మసకను తుడిచివేసింది. ఈమెయిలుకు పదవ ప్రతి కూడా మొదటి ప్రతివలెనే నిగనిగలాడుతుంది. అది వరమనే అందరం అనుకున్నాం. కాని ఇరవయ్యేళ్ల జాబులు ఒకచోట పోగుపడి, వాటిలో ఏది అసలు, ఏది నకలు, ఏది దేనికి నకలు అని తేల్చుకోవలసి వచ్చినప్పుడు ఆ పాతకాలపు మసక ఎంత ఉపకారం చేసేదో తెలిసివస్తుంది.

ఇది పెద్ద కంపెనీల తలనొప్పి అనుకుని పాఠకులు పుట తిప్పవద్దు. పిల్లలు దూరదేశాలలో ఉన్న ప్రతి మధ్యతరగతి ఇంటిలోనూ ఈనాడు ఇటువంటి కుప్ప ఒకటి ఉంది. తాతగారి ఉత్తరాలు ఒకప్పుడు చూరుకు వేలాడే తీగకు గుచ్చి ఉండేవి. ఇప్పుడవి మూలన పడిన కంప్యూటరులో ఉన్నాయి. తేడా అంతే.

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ సౌకర్యాన్ని విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ 1995 ఆగస్టు 15న ఆరంభించింది. మరుసటి యేడు జులై 4న అమెరికాలో సబీర్ భాటియా, జాక్ స్మిత్ అనే ఇద్దరు యువకులు హాట్‌మెయిల్‌ను ప్రారంభించారు. ఉచితంగా దొరికిన ఆ పెట్టెలో మొదట ఉన్న చోటు 2 ఎంబీ మాత్రమే. నేటి ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రం అందులో పట్టదు. అందువల్ల జాబు చదవడం, జవాబివ్వడం, చెరిపివేయడం, ఈ మూడూ ఒకే పనిగా అలవాటయ్యాయి. 2004 ఏప్రిల్ 1న గూగుల్ సంస్థ 1 జీబీ చోటుతో జీమెయిల్‌ను ప్రకటించినప్పుడు, తేదీని చూసి అది ఏప్రిల్ ఫూల్ పరిహాసమేమో అనుకున్నవారు ఉన్నారు. ఇక దేనినీ చెరపనక్కరలేదన్నది కొత్త ఉపదేశం. ఫలితంగా 1990ల నాటి జాబులు చాలావరకు చోటు లేక పోయాయి. తరువాతివి చోటు ఎక్కువై, గుంపులో తప్పిపోతున్నాయి. రెండవ నష్టం పైకి కనపడదు కాబట్టి దాన్ని నష్టంగా ఎవరూ లెక్కించరు.

నకళ్లు ఎలా పుడతాయో కొంచెం వివరంగా చూడాలి. కావాలని ఎవరూ పుట్టించరు. కంప్యూటరు పాతబడి కొత్తది కొన్నప్పుడు, భద్రత కోసం పాత జాబుల పెట్టెను యథాతథంగా కొత్తదానిలో చేరుస్తారు. కొత్త ప్రోగ్రాము సర్వరునుంచి అవే జాబులను మళ్లీ దించుకుంటుంది. అప్పటికి రెండు ప్రతులు. మూడేళ్ల తరువాత మరో యంత్రం, ఈ రెండు ప్రతులూ కలిసి మరో పెట్టెలోకి. ఇంటి చిరునామాకూ ఆఫీసు చిరునామాకూ కలిపి పంపించే బంధువులు ఒక ప్రతి పెంచుతారు. జీమెయిల్‌లో ఫోల్డర్లు లేవు, లేబుళ్లు ఉంటాయి. ఒకే జాబుకు ‘ఇల్లు’, ‘అమ్మాయి’, ‘ముఖ్యం’ అని మూడు లేబుళ్లు అంటిస్తే అక్కడ ఉన్నది ఒక్క జాబే. అదే ఖాతాను మరో ప్రోగ్రాములోకి దించితే లేబుల్‌కు ఒక ఫోల్డరు చొప్పున మూడు ప్రతులు, ‘అన్ని జాబులు’ అనే ఫోల్డరులో నాలుగవది. మైక్రోసాఫ్ట్ ఔట్‌లుక్ వాడినవారి అవస్థ వేరు. 2003కు ముందు దాని పెట్టె 2 జీబీ దాటితే పాడైపోయేది. ఆ భయంతో జనం మధ్యలో విరిచి పక్కన పెట్టుకునేవారు, విరిచిన ముక్కలలో కొంత భాగం రెండింటా ఉండిపోయేది. వీటన్నిటి మీదా, జవాబు రాసిన ప్రతిసారీ కిందనున్న పాత జాబును మొత్తం మోసుకువచ్చే ఆచారం ఒకటి. చివరి జాబును తెరిస్తే అందులో అంతకుముందటి పన్నెండు జాబులూ తోకలా వేలాడుతుంటాయి.

ఈ శీర్షిక రాసేది భిలాయి నుంచి కాబట్టి ఈ ఊరి సంగతి ఒకటి చెప్పాలి. సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన నాటినుంచి ఇక్కడికి దేశం నలుమూలలనుంచీ జనం వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల తెలుగువారు అందులో బాగా కనిపిస్తారు. ఇక్కడి జీవితం కర్మాగారపు క్వార్టరులో సాగుతుంది. పదవీ విరమణ తరువాత ఆ క్వార్టరు ఖాళీ చేయాలి. ముప్ఫై అయిదేళ్ల సంసారాన్ని మూటగట్టే ఆ వారం రోజులలో కాగితాలు ఎటు పోతాయో ఊహించడం కష్టం కాదు. రద్దీవాలా సైకిలు వీథి చివర నిలబడే ఉంటుంది. అందుచేత ఈ ఊళ్లో ఒక తరం వారి ఉత్తరాలు మిగిలాయంటే, అవి కంప్యూటరులో ఉన్నవే.

అటువంటి కుప్ప ఒకటి ఈమధ్య నా బల్లమీదికి వచ్చింది. ఉక్కు కర్మాగారంలో ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఒక పెద్దాయన కాలం చేశారు. తీరిక వేళల్లో రష్యన్ కథలను తెలుగు చేసేవారు. కొడుకు అమెరికాలో, కూతురు హైదరాబాదులో. పిల్లలకు, సాటి అనువాదకులకు ఆయన 1998 నుంచి రాసిన జాబులలో మంచివాటిని ఏరి చిన్న పుస్తకంగా అచ్చువేయించాలని ఆయన కుమార్తె సంకల్పం. వారి కుటుంబం అనుమతితో, పేర్లు విడిచి ఈ సంగతి రాస్తున్నాను. కంప్యూటరు నాలుగుసార్లు మారింది. మారిన ప్రతిసారీ సహాయానికి వచ్చిన కుర్రవాడెవరో పాత పెట్టెను కొత్తదానిలో పడేశాడు. ఫోల్డర్ల పేర్లు ఇవి: ‘పాతది’, ‘పాతది 2’, ‘పాతది కొత్తది’, ‘పాతది అసలు’. చివరి పేరు చూసి ఆశపడ్డాను కాని అందులో ఉన్నవి దీపావళి శుభాకాంక్షలే. లెక్క తేల్చినప్పుడు మూడింట రెండు వంతులకు పైగా నకళ్లని తెలిసింది.

ఇటువంటి సన్నివేశంలో ఎవరికైనా తోచేది, ప్రోగ్రాము ఒకటి నడిపితే నకళ్లు పోతాయి కదా అని. పోతాయి. కాని ‘నకలు’ అంటే ఏమిటో ముందుగా ఆ ప్రోగ్రాముకు మనం చెప్పాలి. చిక్కంతా అక్కడే ఉంది.

ప్రపంచంలో అందరూ చూడగలిగిన అతిపెద్ద ఈమెయిలు కుప్పలలో ఒకదాని కథ చెబితే ఇది బోధపడుతుంది. ఎన్రాన్ అనే అమెరికన్ విద్యుత్ వ్యాపార సంస్థ 2001 డిసెంబరులో దివాలా తీసింది. కాలిఫోర్నియాలో విద్యుత్తు ధరలు పెరిగిన తీరుపై విచారణ జరిపిన అక్కడి సమాఖ్య ఇంధన నియంత్రణ సంఘం ఆ సంస్థ ఉద్యోగుల ఈమెయిళ్లను 2003లో బహిరంగపరచింది. సొంత కబుర్లు, కుటుంబ విషయాలు కూడా అందులో ఉన్నాయి. అది న్యాయమా అన్నది వేరే చర్చ. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రయాన్ క్లిమ్ట్, యిమింగ్ యాంగ్ అనే పరిశోధకులు 2004లో ఆ కుప్పను పరిశీలించారు. 158 మంది పెట్టెలలో ఉన్న జాబులు మొత్తం 6,19,446. శుభ్రపరచిన తరువాత మిగిలినవి 2,00,399. వారు చేసిన పని ఎంతో సూటిది. ‘అన్ని పత్రాలు’, ‘చర్చల వరుసలు’ వంటి పేర్లతో యంత్రం తనంతట తాను తయారుచేసిన ఫోల్డర్లను పక్కన పెట్టారు. మనిషి చేతితో సర్దుకున్న ఫోల్డర్లను ఉంచారు. ఒక జాబు ఫలానా ఫోల్డరులో ఎందుకు ఉందో, ఎవరు పెట్టారో కూడా సమాచారమే అన్న గ్రహింపు ఆ పనిలో ఉంది.

ఇక ఒక్కొక్క జాబు విషయానికి వద్దాం. ఈమెయిలులో మనం చదివే భాగానికి పైన, సాధారణంగా కంటపడని శీర్షిక పంక్తులు కొన్ని ఉంటాయి. కవరుమీది రాతల వంటివి. అందులో ‘మెసేజ్ ఐడీ’ అనే పంక్తి ముఖ్యం. పంపే ప్రోగ్రాముగాని సర్వరుగాని ప్రతి జాబుకూ ఒక విశిష్టమైన గుర్తు వేస్తుంది. 1982లో వెలువడిన ఈమెయిలు నియమావళిలోనే దీనికి చోటుంది. రిజిస్టరు టపాకు వేసే సంఖ్య వంటిదని చెప్పవచ్చు. 2025లో రిజిస్టరు టపా స్పీడు పోస్టులో కలిసిపోయింది కాబట్టి ఈ పోలిక కూడా పాతబడినట్లే. ఒకే జాబు పదిమందికి వెళ్లినా పది ప్రతులలోనూ ఆ గుర్తు ఒకటే. కనుక రెండు జాబులకు ఒకే గుర్తుంటే అవి ఒకే జాబుకు ప్రతులు. వరుస జాబులన్నిటికీ ‘నాన్నకు’ అనే విషయమే ఉన్నా, గుర్తులు వేరైతే అవి వేర్వేరు జాబులు. పెద్దలు కొత్త జాబు మొదలుపెట్టడానికి పాత జాబు తెరిచి ‘రిప్లై’ నొక్కుతారు. విషయపు పంక్తి చూసి నకళ్లను తీసివేస్తే అటువంటి ఇళ్లలో పదేళ్ల ఉత్తరాలు ఒక్క ఉత్తరంగా మిగులుతాయి. నకళ్లను ఏరే ఉపకరణాలలో దేనిని బట్టి పోల్చాలో ఎంచుకునే గడులుంటాయి. పంపినవారు, తేదీ, విషయం, పరిమాణం, మెసేజ్ ఐడీ, పాఠం. విషయం ఒక్కదానికే టిక్కు పెట్టడం కంటె పెట్టెను తగులబెట్టడం నయం, కనీసం పోయిందని తెలుస్తుంది.

ఇంకొక పంక్తి ‘రిసీవ్డ్’. దారిలో జాబును అందుకున్న ప్రతి సర్వరూ తన ముద్రను పైన చేరుస్తూ పోతుంది. టపా ముద్రలు కవరుమీద పడినట్లే. రెండు దారుల్లో వచ్చిన ఒకే జాబుకు ఈ ముద్రలు వేరు. అందుకే జాబు మొత్తాన్ని అక్షరమక్షరం పోల్చే పద్ధతి ఇక్కడ తప్పుతుంది. ఎంత పెద్ద పాఠానికైనా 64 అక్షరాల వేలిముద్ర తీసే షా-256 వంటి గణిత పద్ధతులు ఉన్నాయి. ఒక్క కామా మారినా వేలిముద్ర అంతా మారిపోతుంది. జాబు మొత్తానికి తీస్తే, ముద్రలు వేరు కాబట్టి, అసలు నకళ్లే నకళ్లు కావని చెబుతుంది. పాఠానికి మాత్రమే తీస్తే, ‘క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను’ అని రెండు వేర్వేరు సంవత్సరాలలో రాసిన రెండు చిన్న జాబులను ఒకటే అంటుంది. తేదీ, పంపినవారు, పాఠం ఈ మూడింటినీ కలిపి తీసిన వేలిముద్ర మధ్యేమార్గం.

తేదీని కూడా గుడ్డిగా నమ్మరాదు. అది పంపినవారి యంత్రం వేసుకున్నది. గడియారపు బ్యాటరీ అయిపోయిన పాత కంప్యూటర్లు 1980 జనవరి 1కి వెనక్కి వెళ్లిపోయేవి. అటువంటి జాబుకు నిజమైన కాలం సర్వరు ముద్రలో దొరుకుతుంది. ముద్రలు రాలిపోయిన ప్రతి అయితే లోపల వెతుక్కోవాలి. పెద్దాయన తన సంతకం కింద ఊరు, రాష్ట్రం తప్పక రాసేవారు. ‘భిలాయి, మధ్యప్రదేశ్’ అని ఉంటే 2000 నవంబరు 1కి ముందుది, ‘ఛత్తీస్‌గఢ్’ అని ఉంటే తరువాతిది. అంత సులువుగా తేలినవి కొన్నే ఉన్నాయనుకోండి.

నకళ్లన్నీ సమానమనే భ్రమ కూడా వదులుకోవాలి. మెసేజ్ ఐడీ ఒకటే అయిన అయిదు ప్రతులలో ఏది ఉంచాలి? మామూలు ప్రోగ్రాము మొదట కనపడినదాన్ని ఉంచి తక్కినవి తీసివేస్తుంది. ‘పంపినవి’ అనే ఫోల్డరులోని ప్రతిలో ‘బీసీసీ’, అంటే తక్కినవారికి తెలియకుండా పంపిన వ్యక్తి పేరు, తరచుగా నిలిచి ఉంటుంది. అందుకున్నవారి ప్రతిలో అది ఉండదు. అందుకున్న ప్రతిలో టపా ముద్రలుంటాయి, పంపిన ప్రతిలో ఉండవు. ఒక రకం పెట్టెనుంచి మరొక రకానికి మార్చే ఉపకరణాలు కొన్ని పంక్తులను రాల్చివేస్తాయి. జతచేసిన ఫోటో ఒక ప్రతిలో ఉంటుంది, మరొక ప్రతిలో ఉండదు.

తెలుగు జాబుల విషయంలో ప్రమాదం రెట్టింపు. 1990లలో తెలుగు లిపిలో ఈమెయిలు రాయడం దాదాపు అసాధ్యం. ప్రవాసాంధ్రులు ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకున్నారు. ఆ అవసరం కోసం అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టినదే ఆర్‌టీఎస్ అనే పద్ధతి. అందులో పెద్ద అక్షరానికీ చిన్న అక్షరానికీ ఉచ్చారణ వేరు. యూనికోడ్ ప్రమాణంలో 1991లోనే తెలుగుకు స్థానం దక్కినా, అది ఇళ్లకు చేరడానికి మరో పదేళ్లు పట్టింది. నడుమ రకరకాల ఫాంట్లు వచ్చాయి. ఆ ఫాంటు లేనివాడి తెరమీద అదంతా పిచ్చిగీత. ఇప్పుడు ఆలోచించండి. ఒకే జాబుకు రెండు ప్రతులున్నాయి. ఒకదానిలో తెలుగు చక్కగా చదవవస్తుంది. రెండవది ఏ మార్పిడిలోనో దెబ్బతిని, అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాల వరుస మిగిలింది. మెసేజ్ ఐడీ రెండింటికీ ఒకటే. ప్రోగ్రాము దృష్టిలో అవి కవలలు. ఆ ప్రశ్నార్థకాల ప్రతి ముందు కనపడితే, చదవగల ప్రతిని చెరిపివేసి దాన్ని భద్రపరుస్తుంది. కొమ్ములు మొలిచిన లాటిన్ అక్షరాలుగా కనిపించే జాబులకు ఆశ ఉంది. లోపలి సంకేతాలు చెడలేదు, చదివే పద్ధతి మారిస్తే తెలుగు తిరిగి వస్తుంది. ప్రశ్నార్థకాలుగా మారినవాటికి ఆ ఆశ లేదు.

దీనికి విపర్యయం కూడా జరుగుతుంది. కంటికి ఒకటే అయిన మాట యంత్రానికి రెండుగా తోస్తుంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంతో రాయవచ్చు, ఎత్వానికి ఐత్వపు గుర్తును చేర్చి రెండు సంకేతాలతోనూ రాయవచ్చు. పొల్లు హల్లు చివర కనపడని సంకేతం ఒకటి చేరినా చదివేవారికి తేడా తెలియదు. వేలిముద్రకు తెలుస్తుంది. పోల్చడానికి ముందు పాఠాన్ని ఒక్క రూపంలోకి సవరించుకోవాలి. సాంకేతికులు దీన్ని నార్మలైజేషన్ అంటారు. మన పూర్వ పండితులు ‘శుద్ధప్రతి’ రాసుకోవడమన్నది దీనికి బహుశా దగ్గరి చుట్టమే.

పండితుల మాట వచ్చింది కాబట్టి ఒక పాత ఉదంతం. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు వచ్చాడు. అక్కడ బంగళా కొని, సొంత డబ్బుతో జీతాలిచ్చి పండితులను కూర్చోబెట్టి తాళపత్రాలను పోల్పించాడు. వేమన పద్యాలు ఊరికొక రీతిగా ఉండేవి. ఒకే పద్యం ఒక ప్రతిలో ఒక మాటతో, మరొక ప్రతిలో మరొక మాటతో కనిపించేది. 1829లో ఆయన 693 పద్యాలు అచ్చువేశాడు. 1839 నాటి ముద్రణలో అవి 1,164 అయ్యాయి. రెండు ప్రతులు కలవనప్పుడు ఒకదాన్ని పారవేసి ఉంటే ఆయన పని తొందరగా ముగిసేది. పాఠభేదాలను రాయించి దగ్గర ఉంచుకున్నాడు. ఆయన సేకరించిన ప్రతులు మద్రాసు ప్రాచ్యలిఖిత భాండాగారానికి చేరి ఇప్పటికీ పరిశోధకులకు ఉపయోగపడుతున్నాయి. నకళ్లను ఏరివేయడం వేరు, పాఠాంతరాలను ఏరివేయడం వేరు. రెండింటికీ ఒకే చీపురు పనికిరాదు.

పెద్దాయన కుప్ప విషయంలో అనుసరించిన క్రమం ఇది. ముందుగా ఉన్నదున్నట్లు మొత్తం కుప్పకు ఒక ప్రతి తీసి వేరే డిస్కులో పెట్టి, దానిని ముట్టుకోకూడదని కుటుంబానికి చెప్పాను. తరువాత అన్ని పెట్టెలనూ ఒకచోట చేర్చాను. అందుకు మొజిల్లా వారి థండర్‌బర్డ్ ఉచితంగా దొరుకుతుంది. గూగుల్ ఖాతాలో ఉన్నవాటిని టేకౌట్ అనే సదుపాయం ద్వారా ఒకే ఫైలుగా దించవచ్చు. అందులో జాబు ఒక్కసారే వస్తుంది, లేబుళ్ల పేర్లు శీర్షిక పంక్తులలో చేరి వస్తాయి. కనుక ఫోల్డర్లవారీగా దించుకోవడం కంటె అదే మేలు. ఆ పైన మెసేజ్ ఐడీ, తేదీ, పాఠం మూడూ కలిసిన ప్రతులను మాత్రమే యంత్రానికి అప్పగించాను. అవి కూడా చెరపలేదు, ‘నకళ్లు’ అనే ఫోల్డరులోకి తరలించాను. మెసేజ్ ఐడీ కలిసి పాఠం కలవనివీ, పాఠం కలిసి మెసేజ్ ఐడీ కలవనివీ మిగిలాయి. వాటిని కళ్లతో చూడవలసిందే. పది రోజుల రాత్రులు పట్టింది. చోటు కలిసిరావాలంటే మరో మెట్టు ఉంది. థండర్‌బర్డ్ మామూలు పెట్టెలో చెరిపిన జాబు వెంటనే పోదు, చెరిపినట్లు గుర్తు మాత్రం పడుతుంది. ‘కాంపాక్ట్’ అనే ఆజ్ఞ ఇచ్చినప్పుడే నిజంగా తొలగుతుంది. అది వాడేముందు ఒక్కసారి కాఫీ తాగి రావడం మంచిది.

బరువు విషయంలో నకలు జాబుల కంటె నకలు ఫోటోలదే పెద్ద పాత్ర. జతచేసిన ఫైలును ఈమెయిలు అక్షరాల రూపంలోకి మార్చి పంపుతుంది, మూడు బైట్లు నాలుగు అక్షరాలవుతాయి. అంటే ప్రతి ఫోటో మూడోవంతు లావెక్కి ప్రయాణం చేస్తుంది. మనవడి అన్నప్రాశన చిత్రాలను ఇంటిల్లిపాదీ ఒకరికొకరు పంపుకున్నప్పుడు పెట్టె ఎలా ఉబ్బుతుందో వేరే చెప్పనక్కరలేదు.

కళ్లతో చూసిన వాటిలో ఒక జంట ఉంది. 2006లో కొడుకుకు రాసిన జాబు. ఒకటి ‘పంపినవి’లో, మరొకటి ‘చిత్తుప్రతులు’లో. విషయం, తేదీ ఒకటే, పది నిమిషాల తేడా. మెసేజ్ ఐడీ కలవలేదు కాబట్టి యంత్రం వాటి జోలికి పోలేదు. తేదీ, విషయం మాత్రమే చూడమని ఉంటే చిత్తుప్రతి పోయి ఉండేది. పంపిన జాబులో కర్మాగారపు కబుర్లు, కొత్త అనువాదం గురించి నాలుగు మాటలు, ఆరోగ్యం బాగుందన్న వాక్యం. చిత్తుప్రతిలో ఆ వాక్యం లేదు. దాని స్థానంలో, ఆస్పత్రిలో చెప్పిన సంగతి మూడు వాక్యాలలో ఉంది. వాటిని తీసివేసి, బాగున్నానని రాసి పంపారన్నమాట. కుమార్తెకు చూపించాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “పుస్తకంలో నాన్నగారు పంపినదే వేయండి అన్నయ్యగారూ, రెండోది అన్నయ్యకు నేనే పంపిస్తాను” అన్నారు. అలాగే చేశాం.

నకళ్ల మీద ఇంత విసుగు చూపిన తరువాత వాటి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. యాహూ సంస్థ తన గ్రూపుల సేవను 2019లో కుదించి, పాత జాబుల నిల్వను తొలగించి, 2020 డిసెంబరు 15న పూర్తిగా మూసివేసింది. ‘రచ్చబండ’ వంటి తెలుగు బృందాలు ఏళ్ల తరబడి అక్కడ సాహిత్య చర్చలు జరిపాయి. ఆ సర్వరు మూతపడ్డాక ఆ చర్చలలో ఏ జాబైనా బతికి ఉందంటే, ఎవరో ఒకరు తమ ఇన్‌బాక్సును శుభ్రం చేయకుండా వదిలేసినందువల్లనే. వారి బద్ధకంలో మిగిలిన నకలే ఇవాళ అసలు. కుటుంబంలో ఇద్దరి దగ్గర ఒకే జాబు ఉంటే, ఇద్దరూ అవతలివారి దగ్గర ఉంది కదా అని చెరపకూడదు. ఒకే పెట్టెలో అయిదు ప్రతులు అనవసరం, రెండు ఊళ్లలో రెండు ప్రతులు అవసరం.

ఉద్యోగంలో ఉన్న పాఠకులకు ఒక హెచ్చరిక. పైన చెప్పినదంతా సొంత జాబుల గురించి. 1993 నాటి ప్రభుత్వ దస్తావేజుల చట్టం కంప్యూటరు తయారుచేసిన సామగ్రిని కూడా దస్తావేజుగానే పరిగణిస్తుంది, కేంద్ర ప్రభుత్వ అధీనంలోని సంస్థలకూ వర్తిస్తుంది. నిర్ణీత పద్ధతి పాటించకుండా దస్తావేజులను నాశనం చేస్తే అయిదేళ్ల వరకు కారాగారం, లేదా పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆఫీసు పెట్టెలో నకళ్లను మీ అంతట మీరు ఏరవద్దు, రికార్డుల అధికారిని అడగండి.

ఇళ్లలో ఈ పని వాయిదా వేయడానికి ఇప్పుడు గడువు కూడా ఒకటి వచ్చింది. రెండేళ్లపాటు ఒక్కసారైనా వాడని వ్యక్తిగత ఖాతాలను, వాటిలోని జాబులతో సహా తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలులో పెట్టింది. కాలం చేసిన పెద్దల ఖాతాను ఎవరు తెరుస్తారు? తమ తదనంతరం పెట్టెలోనివి ఎవరికి అందాలో బతికుండగానే రాసిపెట్టుకునే ఏర్పాటు ఆ సంస్థలో 2013 నుంచి ఉంది. ‘ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్’ అని దాని పేరు, పదిమంది వరకు పేర్లు ఇవ్వవచ్చు. ఖాతా సెట్టింగులలో వెతికితే దొరుకుతుంది, పది నిమిషాల పని. ఇంట్లో పెద్దవారున్న పాఠకులు వారి పక్కన కూర్చుని ఆ గడులు పూర్తిచేయించవచ్చు.